పావుగంట ఆగి రమ్మన్నవాళ్లు

"మేం ఆరింటికి బయల్దేరతాం. నువ్వు ఆరుంపావుకి వచ్చెయ్, సరిపోతుంది."

ఫోన్లో ఈ మాట విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. మొదట్లో అది నా మీద దయ అనుకున్నాను. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర షేర్ ఆటో పట్టుకుని పొద్దున్నే నాచారం రావాలి కదా, పాపం ఇంకో పావుగంట పడుకోనిద్దాం అనుకుంటున్నారేమో అని సంబరపడ్డాను. అంత దయగలవాళ్లు తాళంచెవి మాత్రం చేతికిచ్చేవారు కాదు. ఇస్త్రీ బండి అతని దగ్గరో, కరెంటు మీటరు డబ్బాలోనో, తులసికోట వెనకో పెట్టి పోయేవారు. నేను వెతుక్కోవాలి. నేను వెతుక్కుంటుంటే లోపల కుక్క నన్ను దొంగ అనుకుని ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది. దాని అరుపు విని పక్కింటివాళ్లు వచ్చి నా వివరాలు అడిగేవారు. రోజూ నా పని ఇలాగే మొదలయ్యేది.

ఊరెళ్లేవాళ్ల ఇంటికి వెళ్లి వాళ్ల కుక్కనో పిల్లినో చూసుకోవడం నా పని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా వైపు ఆ పనికి పేరు కూడా లేదు. చాలా ఏళ్ల తర్వాత ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి "ఆంటీ, మిమ్మల్ని పెట్ సిట్టర్ అంటారు" అని చెబితే, నాకూ ఒక హోదా ఉందన్నమాట అనుకున్నాను. అప్పటిదాకా నేను కుక్కలక్కను. మా ఆడబిడ్డ అయితే ఆ మాట కూడా అనేది కాదు. "ఏం పనో ఏమో వదినా, మనుషులకు జేస్తె పుణ్యమన్న దక్కుతుండె" అని నలుగురిలో నిట్టూర్చేది.

అంతకుముందు ఏఎస్ రావు నగర్‌లో ఒక పశువుల డాక్టరు దగ్గర పనిచేశాను. సూది వేసేటప్పుడు కుక్కల్ని కదలకుండా పట్టుకోవడం, బోన్లు కడగడం, కట్లు కట్టడం. మా ఆయన కామెర్లతో పోయి అప్పటికి ఏడాది. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఆయన పనిచేసిన కంపెనీ వాళ్లు నాలుగు మంచి మాటలు చెప్పి పంపించేశారు. మా అమ్మాయి ఆరో తరగతిలో ఉంది. ఊరెళ్లేవాళ్లు కుక్కల్ని వదిలి వెళ్లడానికి డాక్టరు వెనకాల రెండు గదులు ఉంచేవారు. ఇంటి ఓనరు గోల చేస్తే అవి మూసేశారు. అప్పుడు ఒక్కొక్కళ్లే "నువ్వే మా ఇంటికొచ్చి చూసుకోకూడదూ?" అని అడగడం మొదలుపెట్టారు. అలా ఇందులోకి వచ్చాను.

ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది అన్నం పెట్టడం కాదు, తిప్పడం కాదు. ఇంటివాళ్లు బయల్దేరేటప్పుడు కుక్క చూస్తుండగా, దాని గొలుసును తమ చేత్తో నా చేతికి ఇవ్వాలి. అంతే. అలా ఇస్తే కుక్క ఒక గంట ఏడ్చి ఊరుకుంటుంది. ఈవిడకు నన్ను అప్పగించి వెళ్లారు, మళ్లీ వస్తారు అని దానికి ఎలాగో తెలుస్తుంది. అలా ఇవ్వకుండా చెప్పకుండా చాటుగా జారుకున్నారా, అది రెండు రోజులు గుమ్మం దగ్గరే పడుకుంటుంది, తిండి ముట్టదు, నన్ను దగ్గరికి రానివ్వదు. నా కుడి చేతి మీద ఉన్న మచ్చలు మూడూ ఇలా జారుకున్నవాళ్ల కుక్కలు పెట్టినవే. ఈ సంగతి నేను ప్రతి ఇంట్లోనూ మొత్తుకుని చెప్పేదాన్ని. ప్రతి ఇంట్లోనూ తలలూపేవారు. బయల్దేరే రోజు ఫోన్ చేసి మళ్లీ అదే మాట. పావుగంట ఆగి రా.

అసలు కారణం నాకు ఒక ఆటో తొందరగా దొరకడం వల్ల తెలిసింది.

ఆ రోజు ఆరున్నరకు రమ్మన్న ఇంటికి ఆరుంపావుకే చేరాను. గేటు ముందు కారు, డిక్కీ నిండా సంచులు. ఆ ఇంటావిడ ముందుగా గుమ్మం దిగింది, నన్ను చూసింది, దిగిన కాలు వెనక్కి తీసుకుంది. "అయ్యో" అంది. ఆమె వెనక ఉన్న ఆయనా పిల్లలూ కూడా లోపలికి వెళ్లిపోయారు. ఏదో మరిచిపోయారేమో అనుకుని నేను గేటు దగ్గరే నిలబడ్డాను. లోపల అందరూ కుర్చీల్లో కూర్చుని మంచినీళ్లు తాగుతున్నారు. రైలుకు టైమవుతోందని మొత్తుకుంటూ మంచినీళ్లు తాగుతున్నారు. నాకేం అర్థం కాలేదు.

కారు డ్రైవరు మా వైపు మనిషే. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "అక్కా, జర పక్కకు జరుగు. నువ్వు కనవడుతున్నంత సేపు ఆళ్లు బయటికి రారు. శకునం అంటున్నరు."

అప్పుడు నా కాళ్ల వైపు చూసుకున్నాను. నేను నుదుటి మీద చిన్న స్టిక్కరు పెట్టుకుంటాను, రంగు చీరలే కడతాను. కాలికి మట్టెలు మాత్రం లేవు. ఇన్నాళ్లూ అందరి కళ్లూ ముందుగా నా కాళ్ల మీదికే పోతున్నాయని నాకు ఆ నిమిషంలో తెలిసింది. పావుగంట నా నిద్ర కోసం కాదు, వాళ్ల ప్రయాణం కోసం.

ఒళ్లు మండిపోయింది. అవమానంతో ముఖం వేడెక్కింది. ఆ మంటలో నేను చేసిన పని ఏమిటంటే, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కి వెళ్లి నిలబడ్డాను. అవును, నిలబడ్డాను. కుక్క మాత్రం పట్టించేసింది. కిటికీలోంచి నన్ను చూసిందేమో, ట్రాన్స్‌ఫార్మర్ వైపు తిరిగి తోకాడిస్తూ ఒకటే కుయ్యిమనడం. ఇంటావిడ కారెక్కుతూ ఆ వైపు చూడకుండా ఉండటానికి మెడ తిప్పుకుని పడిన పాట్లు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు రాలేదు.

ఇది కోస్తా నుంచి వచ్చినవాళ్ల పట్టింపే అనుకుంటే పొరపాటు. మా బస్తీలో మావాళ్లూ అంతే. కాకపోతే మావాళ్లు పావుగంట అని మర్యాదగా అనరు. "నువ్వు లోపల్నే ఉండు" అంటారు. ఒక్క టీచరమ్మ ఇంట్లోనే ఈ బాధ లేదు. వాళ్లు జనగామ వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు. వాళ్లింట్లో నేను ముందు గుమ్మంలోంచే వెళ్లేదాన్ని, గొలుసు చేతికే ఇచ్చేవారు. కాకపోతే బయల్దేరే ముందు అందరం నిలబడి ప్రార్థన చేయాలి. టీచరమ్మ గారి ప్రార్థనలో రైలు, డ్రైవరు, పట్టాలు, నేను, కుక్క, మా అమ్మాయి చదువు, అన్నీ వరసగా వచ్చేవి. ఒక్కోసారి ఇరవై నిమిషాలు. కుక్క నా కాలి మీద పడుకుని గురక పెట్టేది. అక్కడ కాళ్లు లాగేవి తప్ప మనసు నొచ్చుకునేది కాదు.

ఇక నాచారంలో ఆ బ్యాంకు సారు ఇల్లు. నేను చెప్పదలుచుకున్నది ఆ ఇంటి సంగతే. భార్యాభర్తలు, సారు వాళ్లమ్మ, ఒక లాబ్రడార్ కుక్క. గోధుమరంగు, బాగా ఒళ్లు చేసింది, సోఫా దానిదే అనుకునేది. సారుది గోదావరి వైపు. వాళ్లమ్మగారిని నేను అమ్మమ్మా అనేదాన్ని. సన్నగా, తెల్లగా, నేత చీరలో ఉండేది. కుక్కకు అన్నం కలిపి పెట్టేది ఆమే. చేత్తో ముద్దలు చేసి నోటికందించేది. అట్లా పెడితే అది నా చేత్తో ఎట్లా తింటుందమ్మా అని నేను విసుక్కుంటే, "తింటుందిలే, నీ చెయ్యి మంచిదే" అనేది. నన్ను పావుగంట ఆగి రమ్మనే ఇళ్లలో అదీ ఒకటి.

ఒకసారి రాజమండ్రిలో పెళ్లికి నాలుగు రోజులు వెళ్లారు. ఎప్పటిలాగే నేను పావుగంట ఆగి వెళ్లాను. పై వాటాలో ఉండే ఆవిడ తాళం ఇచ్చి, ఇడ్లీ పొయ్యి మీద ఉందని పరుగెత్తుకుంటూ వెళ్లిపోయింది. వంటింట్లో క్యాలెండరు కాగితం వెనక ఏం చేయాలో రాసి పెట్టారు. పెరుగన్నం రెండు పూటలు. సాయంత్రం పార్కు దాకా. సోఫా ఎక్కనివ్వొద్దు. అంతే ఉంది. నేను అంతే చేశాను.

రెండో రోజు పొద్దున పదింటికి, నేను వరండా తుడుస్తుంటే దబ్బుమని చప్పుడైంది. వెళ్లి చూస్తే కుక్క హాల్లో పక్కకి పడి ఉంది. నాలుగు కాళ్లూ కొట్టుకుంటున్నాయి, నోట్లోంచి నురగ, కళ్లు పైకి పోయాయి. క్లినిక్‌లో ఫిట్స్ ఎన్నోసార్లు చూశాను. కానీ అక్కడ పక్కన డాక్టరు ఉండేవారు. ఇక్కడ నేనూ అదీ ఉన్నాం. తల కింద గోనెసంచి పెట్టి, బల్ల పక్కకు జరిపి, ఊరికే నిలబడి చూడటం తప్ప చేయగలిగింది లేదు. ఆగింది అనుకునేసరికి మళ్లీ వచ్చింది.

సారు ఫోన్ స్విచాఫ్. మేడం ఫోన్ రింగవుతోంది, పెళ్లి బాజాల్లో ఎవరికి వినపడుతుంది? వీధిలోకి పరుగెత్తాను. మొదటి ఆటో అతను లోపలికి తొంగి చూసి "గంత పెద్ద కుక్కనా? సీటు ఖరాబైతది" అని పోయాడు. రెండో అతను అసలు ఆగనే లేదు. చివరికి నీళ్ల డబ్బాలు వేసే ట్రాలీ ఆటో అతను సగం డబ్బాలు ఆ ఇంటి గేటు ముందే దింపేసి, "ఎక్కియ్ అక్కా, ఫికర్ జెయ్యకు" అని తానే కాళ్ల వైపు పట్టుకున్నాడు. ఏఎస్ రావు నగర్ దాకా మిగిలిన నీళ్ల డబ్బాల మధ్య దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దారి పొడుగునా అందరినీ తిట్టుకున్నాను. దేవుణ్ని కూడా.

డాక్టరు సూది వేసి, సెలైన్ పెట్టి, అది కాస్త తేరుకున్నాక నా వైపు తిరిగారు. "మందు ఎందుకు ఆపావు?"

"ఏం మందు సార్?"

"ఆరు నెలల్నించి ఫిట్స్‌కి గోళీలు వాడుతోంది. రెండు పూటలు. ఒక్క పూట కూడా తప్పకూడదని నేనే రాసిచ్చాను. నీకు చెప్పలేదా? ఇన్నేళ్లు నా దగ్గర పనిచేసి అడగాలని కూడా తెలియలేదా?"

అక్కడ పిల్లుల్నీ కుక్కపిల్లల్నీ పట్టుకుని కూర్చున్న నలుగురు నా వైపే చూస్తున్నారు. అడగడానికి ఎదురుగా మనిషంటూ ఉండాలి కదా సార్ అనాలనిపించింది. అనలేదు.

గోళీలు ఫ్రిజ్ మీద బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. మేడం ఆ సంగతి పై వాటా ఆవిడకు నోటితో చెప్పిందట, నాకు చెప్పమని. ఆవిడ ఇడ్లీల తొందరలో మరిచిపోయింది. మధ్యాహ్నం గుర్తొచ్చి మెట్ల మీదే నోరు నొక్కుకుని, "అయ్యో, చెబుదామనే అనుకున్నానమ్మా" అంది. అనుకున్నారట. నాకు ఆమె మీద కూడా కోపం రాలేదు, అంత అలిసిపోయాను. ఆ తర్వాత రెండు రోజులూ కుక్క కుంటుతూ, గోడలకు గుద్దుకుంటూ తిరిగింది. నేను దాని పక్కనే చాప వేసుకున్నాను.

వాళ్లు తిరిగొచ్చిన రోజు నేను ముందు గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఊరి నుంచి వచ్చేటప్పుడు ఫర్వాలేదు, వెళ్లేటప్పుడే కదా నేను కనబడకూడనిది. కుక్కను చూసి మేడం ఏడ్చింది. సారు చేతులు నలుపుకున్నాడు. అమ్మమ్మ లోపలికి వెళ్లి కుక్క పక్కన నేల మీద కూర్చుంది.

"మేడం," అన్నాను, "గీ కుక్క సచ్చిపోతుండె. గోళీల సంగతి నాకు ఎవలు జెప్పిన్రు? పైనున్నామెకు జెప్పిన్రు. నేను ఆరుంపావుకు గాకుండ ఆరింటికి ఉంటే, మీరు నా చేతికి గొలుసు, గోళీలు రెండూ ఇద్దురు. నా మొఖం సూడకుండ పోవాలని, మీ కుక్క పానం మీదికి తెచ్చుకున్నరు."

మేడం ముఖం తెల్లబోయింది. ఆ మాట అప్పటిదాకా మా మధ్య ఎవరూ పైకి అనలేదు. సారు మెల్లగా, "నిజమేనమ్మా, తప్పే. కానీ ఇంట్లో పెద్దవాళ్లకి పట్టింపులుంటాయి, ఏం చేస్తాం చెప్పు" అన్నాడు.

"నాకు పట్టింపు ఉండదా సారు? ఇంక నుంచి నాదీ ఒక పట్టింపు. గేటు కాడ, మీరు బయలెల్లే ముందట, నా చేతికి గొలుసు ఇయ్యాలె. లేకుంటే వేరేటోళ్లను సూసుకోండ్రి."

ఆ ఊపులో అందరికీ ఇదే చెప్పాను. హబ్సిగూడలో, రామంతాపూర్‌లో, నాచారంలో, ఫోన్ చేసిన ప్రతి ఇంటికీ. మూడు ఇళ్లు నన్ను పిలవడం మానేశాయి. ఒకావిడ "నీకు పొగరెక్కింది" అంది. ఒకాయన, అప్పుడు ఉద్యమం జోరుగా ఉంది లెండి, "మీ రాష్ట్రం మీకొస్తే ఇలాంటి రూల్స్ ఇంకెన్ని పెడతారో" అని నవ్వాడు. నాకు రాష్ట్రం గొడవ కాదు సార్, గొలుసు గొడవ అన్నాను. మా ఆడబిడ్డ వచ్చి, "ఆడపిల్లను సదివించుకునేదానివి, నీకెందుకే గీ లొల్లి? పక్కకు నిలవడితె నీ సొమ్మేం బోయింది?" అని గంటసేపు క్లాసు పీకింది. మా అమ్మాయి అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "అమ్మ జెప్పింది కరెక్టే అత్తా" అంది. ఆ ఒక్క మాటతో నేను ఇంకో ఆరు నెలలు నెట్టుకొచ్చాను.

బ్యాంకు సారు ఇంటి నుంచి ఫోన్ వస్తుందని నేను అనుకోలేదు. వచ్చింది. తిరుపతి వెళుతున్నారు. "నువ్వన్నట్టే ఆరింటికే రా" అంది మేడం. ఆమె గొంతులో ఇష్టం లేదు, నాకు తెలుస్తూనే ఉంది. అయినా సరే అన్నాను.

ఆరింటికి ఐదు నిమిషాల ముందే వెళ్లాను. కావాలనే గేటుకు ఎదురుగా నిలబడ్డాను. సారు గుమ్మం దిగి, నన్ను చూసి, ఒక క్షణం ఆగి, గొలుసు నా చేతికిచ్చాడు. గోళీల షీటు ఇచ్చి, ఎప్పుడెప్పుడు ఎంతెంతో రెండుసార్లు చెప్పాడు. మేడం దేవుడి గది వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంటూ కారెక్కింది. అయిపోయింది, గెలిచాను అనుకున్నాను. కుక్క మాత్రం నాతో నిలబడటం లేదు. నన్ను ఇంట్లోకి లాగుతోంది. ఇదేం మొండితనమే, నీకోసమే కదా ఇంత గొడవ అని తిట్టుకుంటూ దాని వెనక వెళ్లాను. హాలు దాటి, వంటిల్లు దాటి, పెరటి తలుపు దగ్గరికి తీసుకెళ్లింది.

ఆ తలుపు వెనక అమ్మమ్మ నిలబడి ఉంది. చంకలో సంచి, చేతిలో మంచినీళ్ల సీసా, కాళ్లకు చెప్పులు. గోడకు ఆనుకుని, వీధిలోకి చెవి పెట్టి వింటోంది.

"మీరు పోతలేరా అమ్మమ్మా?"

"వెళుతున్నానమ్మా. కారు స్టార్టయ్యాక వెనక సందులోంచి వెళ్లి మలుపు దగ్గర ఎక్కుతాను."

నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. "ఎప్పటి సంది గిట్ల?"

"వాళ్ల నాన్నగారు పోయినప్పటి నుంచీ. ముప్ఫై రెండేళ్లు." ఆమె చాలా మామూలుగా చెప్పింది, చాకలి పద్దు చెప్పినట్టు. "పరీక్షలకి వెళ్లినా, ఉద్యోగానికి వెళ్లినా, పెళ్లికి తరలినా వాడు బయల్దేరుతుంటే నేను మొహం చూడలేదు. ఎవరూ చెప్పలేదులే. నేనే. నిన్ను ఆగి రమ్మన్నదీ నేనేనమ్మా, కోడలు కాదు. దారిలో ఏమన్నా జరిగితే నీమీద పెడతారు. నా కొడుకు కాబట్టి నన్ను అనడు. నిన్నెందుకు వదిలేస్తారు?"

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీద అని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. ఇన్నాళ్లూ ఈ పెద్దావిడ నన్ను అశుభం అనుకుంటోందని నేను పళ్లు నూరుకుంటే, ఆవిడ నన్ను కాచుకుంటోందట. ఆ కాచుకోవడంలో ఈ కుక్క ప్రాణం పోబోయింది. అయినా ఆవిడ తలుపు చాటునే ఉంది. తలపట్టుకోవాలనిపించింది.

గొలుసు ఆమె చేతిలో పెట్టాను. "అమ్మమ్మా, ఈ కుక్కకు అన్నం వెట్టేది ఎవలు?"

"నేనే."

"మరి సారు ఇస్తే దీనికేం సమజైతది? మీరు ఇయ్యాలె. గీడ కాదు, గేటు కాడ. అందుకే అది ఆడ నిలవడ్త లేదు."

"నా వల్ల కాదమ్మా."

"నేను ఆడనే నిలవడ్డ. ఇంక శకునం ఎట్లయినా ఖరాబే అయింది. నా పక్కకు వచ్చి నిలవడున్రి."

ఆమె నవ్విందో, దగ్గిందో. కుక్క అప్పటికే ముందుకు లాగుతోంది. అంత పెద్ద కుక్క లాగితే ఆ సన్నటి మనిషి ఆగగలదా? వంటిల్లు, హాలు, గుమ్మం, మెట్లు. చెప్పులు తడబడుతూ ఆమె గేటు దాకా వచ్చేసింది. నేను వెనకే వెళ్లాను.

కారులో ముందు సీట్లో కూర్చున్న సారు అద్దంలోంచి చూశాడు. వాళ్లమ్మ ఎదురుగా, తెల్లగా, గొలుసు పట్టుకుని నిలబడి ఉంది. మేడం "అత్తయ్యా" అంది. సారు కారు దిగాడు. యాభై ఏళ్ల మనిషి. కళ్లజోడు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. తర్వాత "టైమవుతోందమ్మా, ఎక్కు" అని వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. అమ్మమ్మ గొలుసు నా చేతికిచ్చింది, కుక్క తల నిమిరింది, కారెక్కింది. కుక్క నా కాలి పక్కన కూర్చుని, కారు పోయేదాకా చూసి, నాతో లోపలికి వచ్చింది.

ఆ నాలుగు రోజులూ వాళ్లకంటే నేనే ఎక్కువ భయపడ్డాను. ఇది ఎవరికీ చెప్పలేదు. రోజూ సాయంత్రం కుక్క వంక పెట్టి ఫోన్ చేసేదాన్ని. కొండ ఎక్కారా, దిగారా, దారిలో వాన పడుతోందా. నేను దేన్ని పట్టించుకోనని అంత గొంతు పెట్టుకుని అరిచానో, అది నాలోనే కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉందని అప్పుడు తెలిసింది. వాళ్లు క్షేమంగా వచ్చారు. అమ్మమ్మ నాకు లడ్డూ ఇస్తూ, "చూశావా, ఏం కాలేదు" అంది, నాకు ధైర్యం చెబుతున్నట్టు. తర్వాత వాళ్లు ఎన్నిసార్లు ఊరెళ్లినా గొలుసు గేటు దగ్గర ఆమె చేత్తోనే నా చేతికి వచ్చింది. మానేసిన మూడిళ్లలో రెండు మళ్లీ పిలిచాయి. నేను కూడా నా గొప్పను వీలున్న చోటల్లా చెప్పుకున్నాను.

తర్వాత అయిదారేళ్లకు, రింగురోడ్డు దగ్గర మెట్రో స్టేషను పనులు సాగుతున్న రోజుల్లో, మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు పొద్దున ఏడింటికే బయల్దేరాలి. రాత్రే చీర ఇస్త్రీ చేశాను, డబ్బా కట్టాను, బస్సు ఎక్కడ మారాలో మూడుసార్లు చెప్పాను. ఆమె తల దువ్వుకుంటోంది. చెప్పుల చప్పుడు వినపడింది.

నేను బాత్రూంలో ఉన్నాను. లోపల గడియ పెట్టి ఉంది. బకెట్టు నిండి పొర్లుతోంది, నేను కుళాయి కట్టకుండా నిలబడి ఉన్నాను. ఎప్పుడు వచ్చానో, ఎందుకు వచ్చానో నాకు తెలియదు. కాళ్లు వాటంతట అవే తీసుకొచ్చాయి. అప్పుడు గుర్తు చేసుకుంటే, పదో తరగతి పరీక్షల రోజూ ఇక్కడే ఉన్నాను. కాలేజీలో చేరిన రోజూ. ఇంటర్వ్యూకి వెళ్లిన రోజు మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. ఉప్పల్ అంతా తిరిగి గొడవ పెట్టుకున్నదాన్ని, నా సొంత గుమ్మంలో నా సొంత బిడ్డకు ఒక్కసారి కూడా ఎదురు పడలేదు.

తలుపు మీద కొట్టింది. "అమ్మా."

"నీళ్లు వడుతున్న. పో, బస్సు పోతది."

"ఎవలింటి కుక్కలకో గేటు కాడ నిలవడ్తవు. నాకు నిలవడవా?"

ఆ పిల్లకు ఎప్పటి నుంచి తెలుసో. పదో తరగతి నుంచీ తెలిసే ఉంటుంది. తెలిసి, ఒక్కసారి కూడా అడగకుండా, ప్రతిసారీ ఖాళీ గుమ్మానికి చెప్పి వెళ్లిందన్నమాట.

కుళాయి కట్టేశాను. గడియ తీయడానికి చెయ్యి తడిగా ఉండి రెండుసార్లు జారింది. బయటికొచ్చి ఆమెకు ముందు నడిచి, గుమ్మం దిగి, ఎదురుగా నిలబడ్డాను. ఆమె నా మొహంలోకి చూసి, "పోయొస్తనమ్మా" అంది. పైలం, జాగ్రత్త అన్నట్టు తల ఊపాను. సందు మలుపు తిరిగేదాకా చూశాను. సాయంత్రం గేటు చప్పుడై ఆమె లోపలికి వచ్చేదాకా అన్నం ముట్టలేదు, ఏ ఇంటికీ పనికి పోలేదు, దిక్కుమాలిన పిరికిదానివని రోజంతా నన్ను నేనే తిట్టుకుంటూ కూర్చున్నాను.